మా యూపీవీసీ కిటికీలు తొమ్మిదేళ్లకి: అసలు చూడాల్సింది కీళ్లు

2014 అక్టోబర్ 12న విశాఖలో ఉన్నవాళ్లకి హుద్‌హుద్ తుఫాను గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పెదవాల్తేరులో మూడో అంతస్తు మాది, హాలు కిటికీలు సముద్రం వైపు. పాత అల్యూమినియం స్లైడింగ్ రెక్క పట్టాలోంచి లేచి హాల్లో పడింది. తుఫాను కన్ను మా మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగితే, అయిపోయిందనుకుని గాజుముక్కలు ఊడుస్తున్నాం, అంతలో రెండో వైపు నుంచి మళ్లీ మొదలైంది. స్లైడింగ్ జోలికి మళ్లీ పోకూడదని ఆ రోజే అనుకున్నాం.

2016లో బయటికి తెరుచుకునే రెక్కల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించాం. హ్యాండిల్ తిప్పితే పైనా కిందా మధ్యలోనూ ఒకేసారి లాక్ పడుతుంది, చుట్టూ రబ్బరు ఉంటుంది, గాలి ఎంత తోస్తే రెక్క అంత గట్టిగా ఫ్రేముకి అదుముకుంటుంది. ఐదేళ్లపాటు ఎదురు వానకి కూడా చుక్క నీరు లోపలికి రాలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ హ్యాండిల్ తిప్పి చూపించేవాణ్ణి.

2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి ఇక్కడ కుండపోత. కరెంటు పోయిందని ఒక రెక్క కొంచెం తెరిచి ఉంచాం. గాలి పెరిగాక మా ఆవిడ మూయబోతే పైన టక్కుమని శబ్దం వచ్చింది, పై కీలు స్క్రూలతో సహా ఊడిపోయి రెక్క మొత్తం కింది కీలు మీద వేలాడుతోంది. కింద పార్కింగ్, పక్కనే వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. గ్రిల్ సందులోంచి చేతులు పెట్టి ఇద్దరం పట్టుకున్నాం, మా అబ్బాయి బట్టలారేసే నైలాన్ తాడు తెచ్చి గ్రిల్‌కి కట్టాడు, కింది వాళ్లకి ఫోన్ చేసి ఆ గదిలో వాళ్లని లోపలికి తీసుకోమన్నాం. తాడు మీద నమ్మకం లేక తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తొస్తుంది.

పొద్దున చూస్తే స్క్రూలు చేతిలో పొడైపోతున్నాయి. ఉప్పుగాలికి తుప్పు. గాజు, ఫ్రేము, లాక్ అన్నీ బాగానే ఉన్నాయి, పట్టి ఉంచాల్సిన నాలుగు స్క్రూలు మాత్రం మామూలు ఇనుపవి. బిగించిన వాళ్లని అడిగితే సముద్రపు గాలికి వారంటీ వర్తించదన్నారు. సముద్రం కనిపించే ఇంటికి కొలతలు తీసుకున్నప్పుడు ఆ మాట చెప్పాలి కదా!

ఆ రాత్రి మా దగ్గర గాలి గంటకు వంద కిలోమీటర్ల లోపే. హుద్‌హుద్‌ది 180 దాకా. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. పైగా గాలి ఎదురుగా ఉన్నంతసేపే రెక్క ఫ్రేముకి అదుముకుంటుంది. కన్ను దాటి గాలి దిక్కు మారితే అదే రెక్కని బయటికి లాగుతుంది, అప్పుడు భారమంతా లాకులూ కీళ్ల మీదే. ఐదేళ్లు నేను మెచ్చుకున్నది సగం మాత్రమే నిజం.

తర్వాత కీళ్లు, స్క్రూలు అన్నీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించి, ఆ రకం పేరు బిల్లులో రాయించుకున్నాం. సముద్రం పక్కన 316 ఇంకా మంచిది, మాకు ఆ సైజులో దొరకలేదు. ఏటా సెప్టెంబర్‌లో మంచినీళ్లతో ఉప్పు కడిగి, స్క్రూలన్నీ బిగించి చూస్తున్నాను. హాల్లో గాజు కూడా మార్పించాం. మధ్యలో పొర ఉన్న లామినేటెడ్ రకం, పగిలినా ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి. వేడితో గట్టిపరిచిన టఫెన్డ్ గాజైతే పగిలితే మొత్తం రాలిపోతుంది, ఇక గాలి ఇంట్లోకి దూరినట్టే.

మళ్లీ కొంటానా అంటే, మా ఇంటికైతే ఇవే కొంటాను. కానీ మాది పైన స్లాబ్ ఉన్న అపార్ట్‌మెంటు, మాకున్నవి సముద్రం వైపు రెండే కిటికీలు. పై అంతస్తులో రేకులున్న ఇల్లయితే నేనైతే డబ్బు ముందు రేకుల హుక్కుల మీద పెడతాను. ఇప్పటికే ఈ కిటికీలున్నవాళ్లు ఈ ఆదివారం రెక్క తెరిచి, పై కీలు దగ్గర స్క్రూ తల తుప్పు రంగుకి మారిందేమో చూడండి.