హీలియోస్ 44-2: విప్పుకునే ఓపిక ఉన్నవాళ్ల లెన్స్

వెనక ఆకులన్నీ సుడి తిరిగినట్టు కనిపించే పోర్ట్రెయిట్లు చూసి ఈ లెన్స్ కొందామనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కొనండి, తప్పేం లేదు. కానీ పార్సిల్ విప్పి కెమెరాకి బిగించి ఫొటోలు తీసేద్దామనుకుంటే చాలాసార్లు నిరాశే. ఒక ఆదివారం కూర్చుని దీన్ని విప్పి, పాత గ్రీజు కడిగి, కొత్తది పెట్టుకునే ఓపిక ఉంటే మాత్రం ఇంతకన్నా మంచి పాత లెన్స్ నాకు తెలియదు.

58 ఎంఎం, ఎఫ్/2, ఎం42 మరమౌంట్ (కెమెరాకి మరలా తిప్పి బిగించేది), నాలుగు గ్రూపుల్లో ఆరు గ్లాసులు, వెలుతురు వచ్చే కంతని (ఎపర్చర్) చిన్నదీ పెద్దదీ చేసే ఎనిమిది బ్లేడులు, ముందు 49 ఎంఎం ఫిల్టర్ మర. డిజైన్ జర్మనీ వాళ్లది: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జైస్ కంపెనీ చేసిన బయోటార్ 58 ఎఫ్/2 లెన్స్ దీనికి మూలం. మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లోని కేఎంజెడ్ ఫ్యాక్టరీ, తర్వాత వల్దాయ్, మిన్స్క్ ఫ్యాక్టరీలు లక్షల్లో తయారుచేశాయి, సోవియట్ జెనిట్ కెమెరాలతో కలిపి అమ్మారు. అందుకే ఇప్పటికీ ఇది దొరకడానికి కష్టం లేదు. చాలావాటి మీద సీరియల్ నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం చెబుతాయి. నాది 78తో మొదలవుతుంది.

అమ్మినాయన ప్రకటనలో "మింట్ కండిషన్" (అంటే కొత్తదానిలా ఉంది) అని రాశాడు. గ్లాసు వరకు అది నిజమే. ఫోకస్ రింగు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నా కదలదు. దశాబ్దాల పాత గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి ఉంది, దాని నుంచి విడిపోయిన నూనె ఎపర్చర్ బ్లేడుల మీదికి పాకి మెరుస్తోంది. పాత లెన్సుల్లో ఇది మామూలే కాబట్టి పెద్దగా బాధపడలేదు, కానీ మింట్ అనే మాటకి ఈ అమ్మకందారుల దగ్గర అర్థమే లేకుండా పోయింది.

ఇక్కడే 44-2 గొప్పతనం తెలుస్తుంది. దీనిది ప్రీసెట్ ఎపర్చర్, అంటే ఒక రింగుతో ఎంత మూయాలో ముందే పెట్టుకుని ఇంకో రింగుతో మనమే తెరిచి మూస్తాం. స్ప్రింగులూ, కెమెరా నొక్కే పిన్నూ ఏమీ లేవు. బ్లేడులకి నూనె అంటినా చేత్తో తిప్పుతాం కాబట్టి అవి కదులుతాయి. అదే తర్వాత వచ్చిన 44ఎం లాంటి ఆటోమేటిక్ లెన్సుల్లో అయితే నూనె పట్టిన బ్లేడులు టైముకి మూసుకోవు, ఫొటో తెల్లబోతుంది. లోపల భాగాలు కూడా ఎక్కువ కాబట్టి మొదటిసారి లెన్స్ విప్పేవాళ్లు 44ఎం జోలికి పోవద్దు.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. సరిగ్గా గాడిలో కూర్చునే సన్నని చదును స్క్రూడ్రైవర్లు, లెన్స్ స్పానర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లైటర్ ఫ్లూయిడ్, దూది పుల్లలు, అంచున్న ట్రే. ఫోకస్ రింగు చుట్టూ మూడు బుల్లి స్క్రూలు ఉంటాయి. కదలకుండా ఫ్యాక్టరీలో లాకర్ పూసి ఉంటే బలం పెట్టకండి, అసిటోన్ ఒక చుక్క వేసి కాసేపు ఆగండి. అయితే అంకెల మీద అసిటోన్ పడితే ఆ రంగు కూడా పోతుంది, జాగ్రత్త.

అసలు టెన్షన్ హెలికాయిడ్ దగ్గర. అదే ఫోకస్ తిప్పితే లెన్స్ ముందుకీ వెనక్కీ జరిగే మర. మామూలు సీసా మూతలా దానికి ఒకే మొదలు ఉండదు, చాలా మొదళ్లు, అంటే మర ఎక్కే చోట్లు ఉంటాయి. ఏ మొదలులో ఉన్నది అందులోనే తిరిగి ఎక్కకపోతే ఇన్ఫినిటీ (చాలా దూరపు వాటి మీద ఫోకస్) రాదు, దూరంగా ఉన్న కొండ ఎప్పటికీ మసకే. కాబట్టి మెల్లగా తిప్పుతూ రెండు ముక్కలూ విడిపోయే ఆ క్షణంలో ఆపి, రెండింటి మీదా ఎదురెదురుగా మార్కర్‌తో గీత పెట్టాలి. ఫోన్‌తో ఫొటో కూడా తీయాలి, ఎందుకంటే కడిగేటప్పుడు మార్కర్ గీత ఆల్కహాల్‌కి చెరిగిపోతుంది. సూదితో సన్నగా గీస్తే ఇంకా మంచిది.

పాత గ్రీజు లైటర్ ఫ్లూయిడ్‌లో నానబెడితే కరుగుతుంది, మరల్లో ఇరుక్కున్నది పాత టూత్ బ్రష్‌తో పోతుంది. నల్లటి మడ్డి రావడం ఆగేదాకా కడగండి. ఇక కొత్త గ్రీజు. ఇంట్లో పెద్దవాళ్లు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యరా అంటారు, కొందరు డబ్ల్యూడీ-40 అంటారు, కొబ్బరినూనె అన్నవాళ్లు కూడా ఉన్నారు (చలికాలంలో అది గడ్డకడుతుందన్న సంగతి ఎవరికీ గుర్తురాదు). ఏదీ వద్దు. పల్చటి నూనె ఏదైనా పాకి పాకి బ్లేడుల మీదికీ గ్లాసు మీదికీ చేరుతుంది. నేను పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) కలిసిన సింథటిక్ గ్రీజు వాడాను. మరలకి పల్చటి పొరలా పూస్తే చాలు, ఎక్కువైతే అంచుల్లోంచి బయటికి వస్తుంది. ఇప్పుడు ఒక వేలితో తిరుగుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది.

బ్లేడులు మాత్రం విడదీయకండి. ఎనిమిదింటినీ మళ్లీ పేర్చడం వేరే స్థాయి పని. ఉన్నచోటే ఫ్లూయిడ్ తడిపిన దూది పుల్లతో తుడుస్తూ తెరిచి మూస్తూ ఉంటే నూనె వదులుతుంది. గ్లాసుకి ముందు బ్లోయర్, తర్వాతే టిష్యూ. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవాళ్లకి ఫంగస్ గొడవ తప్పదు. పైపైన ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోతుంది, కోటింగ్‌ని తినేసి ఉంటే ఆ మచ్చ ఇక పోదు.

ఫొటోల సంగతి క్లుప్తంగా: పూర్తిగా తెరిచి ఎఫ్/2 దగ్గర మధ్యలో బాగానే షార్ప్, మూలలు మెత్తన, ఎదురుగా సూర్యుడుంటే కాంట్రాస్ట్ పడిపోతుంది, హుడ్ తప్పనిసరి. సుడి కావాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరా (35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది) ఉండాలి, మనిషి దగ్గరగా, వెనక చెట్లు కొంచెం దూరంగా ఉండాలి. చిన్న సెన్సర్ అంచుల్ని కత్తిరించేస్తుంది కాబట్టి సుడి సగం పోతుంది.

కొనేముందు ఫోకస్ రింగు, ఎపర్చర్ తిప్పే వీడియో అడగండి, వెనక నుంచి టార్చ్ వేసి తీసిన ఫొటో కూడా. రింగు బిగుసుకుపోయి గ్లాసు బాగుంటే బేరమాడి తీసుకోండి, గ్లాసు పోయి రింగు బాగుంటే వదిలేయండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కూడా లెక్కేసుకోండి. మిర్రర్‌లెస్ కెమెరా అయితే ఎం42 అడాప్టర్ ఒక్కటి చాలు. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించండి, మౌంట్ నుంచి సెన్సర్‌కి ఉండాల్సిన దూరం ఎం42లో 45.46 ఎంఎం, నికాన్‌ది 46.5, అందుకని గ్లాసు లేని అడాప్టర్‌తో ఇన్ఫినిటీ రాదు, గ్లాసున్నదైతే షార్ప్‌నెస్ తగ్గుతుంది.