గ్రాండ్ ప్రెయిరీ మస్టాంగ్: నాలుగు నెలలు ఎగరేశాక

టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మేముంటాం. మా ఇంటికి గ్రాండ్ ప్రెయిరీ ఎంతో దూరం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో నార్త్ అమెరికన్ ఏవియేషన్ కంపెనీ అక్కడ, హెన్స్లీ ఫీల్డ్ పక్కనున్న ఫ్యాక్టరీలో పీ-51 మస్టాంగ్ యుద్ధవిమానాలు తయారుచేసింది. కాలిఫోర్నియాలో తయారైన వాటి మోడల్ పేరు చివర 'ఎన్‌ఏ' అని ఉంటే, మన డల్లాస్ వాటికి 'ఎన్‌టీ' అని ఉండేది. ఆ సంగతి తెలిసిన రోజునే అనుకున్నాను, యుద్ధవిమానం అంటూ ఎగరేస్తే ముందు మస్టాంగే ఎగరెయ్యాలని.

నేను కొన్నది రిమోట్‌తో ఎగరేసే, 1,200 మిల్లీమీటర్ల రెక్కల ఫోమ్ మోడల్. అసలు విమానం రెక్కలు 11.3 మీటర్లు కాబట్టి ఇది తొమ్మిదో వంతు కన్నా కాస్త చిన్నది. మోటారు, సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), ముడుచుకునే చక్రాలు బిగించే వచ్చాయి. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్, బ్యాటరీ మనం పెట్టుకోవాలి. రెండు సాయంత్రాల్లో పని అయిపోయింది. పెయింట్ బాగుంది, రెక్కల మీద నలుపు తెలుపు చారలు ఎక్కడా వంకరపోలేదు. కాక్‌పిట్ కింద పెట్టే చిన్న అక్షరాల స్టిక్కర్ మాత్రం నేనే ప్రింట్ చేసి అంటించాను, చివర 'ఎన్‌టీ' అని వచ్చేలా.

అప్పుడు నాన్న ఇక్కడే ఉన్నారు. గుంటూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. మాన్యువల్‌లో సీజీ (బరువు సమతూకంగా నిలిచే చోటు) అని గుర్తుపెట్టిన చోట రెక్క కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తి చూస్తే తోక కిందికి వాలింది. "ముక్కు తేలిగ్గా ఉందిరా, బ్యాటరీ ముందుకు జరుపు" అన్నారు. రెండు సెంటీమీటర్లు జరిపితే సరిగ్గా నిలబడింది. తోక బరువైతే విమానం గాల్లో చేతికి దొరకదు. అందుకే ఈ పని తొందరగా కానివ్వకండి, బ్యాటరీ పెట్టే చోట టేపుతో గీత వేసుకోండి.

టేకాఫ్‌లో థ్రాటిల్, అంటే మోటారు వేగం, మెల్లగా ఇవ్వాలి. ఒక్కసారిగా తోస్తే ముక్కు ఎడమకు లాగేస్తుంది. రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండే పలక) కొంచెం కుడికి పట్టి ఉంచి, తోక లేచేదాకా ఆగితే నిటారుగా పోతుంది. గాల్లోకి వెళ్లాక ఇంత నమ్మకంగా ఎగిరే మోడల్ నేను ఇంతవరకు పట్టుకోలేదు. చక్రాలు ముడుచుకుని, ఎండలో వెండి రంగు మెరుస్తూ, తల ఎత్తు కన్నా కొంచెం పైనుంచి దూసుకుపోతుంటే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

అసలు కష్టం దిగేటప్పుడే. ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) లాగా థ్రాటిల్ మొత్తం తీసేసి జారుకుంటూ దిగుతుందనుకోకూడదు. వేగం తగ్గితే ఒక రెక్క ఉన్నట్టుండి పడిపోతుంది. మూడో ఫ్లైట్‌లో నాకు అదే జరిగింది. నేల ఇంకా రెండు మీటర్లుందనగా ఎడమ రెక్క వాలింది. చక్రం గడ్డిలో తగిలి, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లేటు ఫోమ్‌లోంచి ఊడి వచ్చింది. ప్రొపెల్లర్ విరిగింది, పొట్ట కింద రేడియేటర్ గూడు గీసుకుపోయింది. రెక్క వాలడం నా తప్పే. కానీ ఆ ప్లేటును అంటించింది పల్చటి జిగురుతో, చుట్టూ ఉన్నది మెత్తటి ఫోమ్. కిట్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే. అరగంటలో గట్టిపడే ఎపాక్సీ జిగురు, రెండు సన్నటి ప్లైవుడ్ ముక్కలు పెట్టి తిరిగి అంటించాను. తర్వాత నలభై సార్లు దిగింది, కదల్లేదు. మీరు ఎగరేయకముందే ఈ పని చేసేయండి.

ఇప్పుడు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) సగం దించి, పావు వంతు థ్రాటిల్ ఉంచి, చక్రాలు నేలకు తాకిన తర్వాతే మోటారు ఆపుతున్నాను. పొట్టిగా కోసిన గడ్డి మీదే దించుతాను. గడ్డి పొడుగైతే ముక్కు మీద బోర్లాపడుతుంది.

నాలుగు సెల్‌ల 2,200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీతో టైమర్ ఐదు నిమిషాలకు పెట్టుకుంటాను. దిగేసరికి సెల్‌కు 3.7 వోల్టుల పైనే ఉంటోంది. ఆ రోజు ఇక ఎగరేయకపోతే 3.8 వోల్టులకు తెచ్చి దాస్తాను. నిండుగా ఛార్జ్ చేసి వారాల తరబడి వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది.

బరువు 250 గ్రాములు దాటుతుంది కాబట్టి అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పదు, మూడేళ్లకు ఐదు డాలర్లు. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష కూడా రాయాలి, అరగంట చాలు.

ఇది మొదటి విమానంగా కొనకండి. ట్రైనర్ మీద, ఆ తర్వాత ఐలరాన్లు (రెక్కల చివర్లలో కదిలే పలకలు) ఉన్న విమానాల మీద, ఎదురుగాలిలో పది సార్లు సరిగ్గా దించగలిగినవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. కిట్‌తో పాటు స్పేర్ ప్రొపెల్లర్లు రెండు, ఎపాక్సీ కూడా తీసుకోండి. నాన్న డిసెంబరులో మళ్లీ వస్తున్నారు. ఈసారి ట్రాన్స్‌మీటర్ (రిమోట్) ఆయన చేతికిస్తాను, ముందు ట్రైనర్‌తో.