చెంచు గూడేనికి క్యాంపా, ఊళ్లోనే ఉండే జట్టా: ఏది మేలు?

కర్నూలులో ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: "అన్నా, నల్లమల గూడేలకు ఏదైనా చేద్దామనుకుంటున్నాం, మెడికల్ క్యాంపు పెడదామా?" ఈ ఏడాది మా మిత్రులం కూడా ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. క్యాంపు మానుకుని, ఒక గూడెం ఆశా, ఏఎన్ఎం, పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్, డాక్టరు ఉన్న జట్టుకే తోడుగా ఉందామనుకున్నాం.

క్యాంపు వల్ల ఒక్కరోజులో కళ్లు, బీపీ, రక్తహీనత అన్నీ చూపించుకోవచ్చు. 104 బండి వస్తే షుగర్ మాత్రలకు ఆత్మకూరు దాకా పోనక్కర్లేదు, అది చిన్న సాయం కాదు. కానీ బండి వచ్చిపోయిన మర్నాడే చలిజ్వరం, అదే మలేరియా, పట్టుకుంటే?

నా మటుకు తేల్చేది ఒక్కటే, మాత్ర మింగించే మనిషి రోజూ దగ్గర ఉండటం. వైవాక్స్ రకం మలేరియాకు మూడు రోజులు క్లోరోక్విన్, దాంతోపాటు 14 రోజులు ప్రైమాక్విన్ వాడాలి. నాలుగో రోజుకు జ్వరం తగ్గుతుంది, మనిషి తేనెకో గడ్డలకో అడవిలోకి పోతాడు, మిగిలిన మాత్రలు గుడిసె చూరులోనే ఉండిపోతాయి, కాలేయంలో దాక్కున్న క్రిమి వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. పైగా ఒంట్లో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ పడదు, మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపించి డాక్టరు దగ్గరికి పంపాలి. గర్భిణులకు అసలు ఇవ్వకూడదు. ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో ఆశాకు తెలిసినట్టు క్యాంపు డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

ఒక గూడెంలో కళ్లారా చూశాను. ఆశా అక్క నాలుగేళ్ల పిల్లాడి వేలు గుచ్చి, రక్తపు చుక్క మలేరియా పరీక్ష కిట్టు మీద వేసి, గీత పడేదాకా ఇరవై నిమిషాలు వాళ్లమ్మతో మాట్లాడుతూ కూర్చుంది. తర్వాత మాత్ర చెంచాలో నలిపి తాగించి, నోరు తెరిపించి చూసి, చేదుకు కక్కుకుంటాడేమోనని ఇంకో అరగంట అక్కడే ఉంది.

ఆమె ఒక్కతే అన్నీ చేయడం కుదరదు. కిట్లు, మాత్రలు సమయానికి అందాలి, అనుమానం వస్తే డాక్టరు ఫోన్ ఎత్తాలి, ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా ముదిరి ఫిట్స్ వస్తే 108 రావాలి. 2022లో ఆత్మకూరు నంద్యాల జిల్లాలో కలిసినా, ప్రాణం మీదికి వస్తే చాలామందికి కర్నూలు పెద్దాసుపత్రే దిక్కు. పరీక్ష చేయకుండా సూది వేసే వాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు.

సాయం చేయాలనుకుంటే వానలకు ముందే ఏఎన్ఎంను కలిసి కిట్లు ఎన్ని ఉన్నాయి, ఎక్స్‌పైరీ ఎప్పుడు, దోమతెరలు ఎన్ని ఇళ్లకు తక్కువ పడ్డాయి అని అడగండి. మేం ముందుగా ఆశా అక్కకు మంచి టార్చిలైటు, బండి పెట్రోలు ఖర్చు ఇస్తున్నాం.