రూన్‌క్వెస్ట్ రెండవ ఎడిషన్, గ్లోరాంథా లోకం: ఏళ్ల తరబడి ఆడిన తరువాత

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట రూన్‌క్వెస్ట్. అందులో తొలి పోరాటం ముగిసేసరికి ఎవరో ఒకరి పాత్రకు కాలో చెయ్యో పనికిరాకుండా పోవడం మామూలు. ఇదే కోవకు చెందిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడి ఆడి ఇటువైపు వచ్చినవారికి ఇది మొదట అన్యాయంగా తోస్తుంది. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణబలాన్ని చూపే ఒక మొత్తంలోంచి కొంత తరుగుతుంది, ఆ మొత్తం సున్నాకు చేరేదాకా వీరుడి చేతికి గానీ కాలికి గానీ ఏ లోటూ రాదు. ఇక్కడ దెబ్బ ఎక్కడ తగిలిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది: 1 నుంచి 4 వరకు కుడికాలు, 5 నుంచి 8 వరకు ఎడమకాలు, 19 గానీ 20 గానీ పడితే తల. ప్రతి అవయవానికీ విడిగా కవచం, దెబ్బలు తట్టుకునే పాయింట్లు విడిగా ఉంటాయి. సాధారణ మనిషి తలకు ఆ పాయింట్లు నాలుగో ఐదో ఉంటే, వెడల్పు కత్తి వేసే ఒక్క వేటుకు ఎనిమిది ముఖాల పాచిక వేసి దానికి ఒకటి కలుపుకుంటారు. శిరస్త్రాణం లేకుండా బయలుదేరిన పాత్ర ఎంతకాలం బతుకుతుందో ఎవరైనా ఊహించగలరు.

హైదరాబాదులో మా బృందం ఈ ఆటను రెండవ ఎడిషన్ నియమాలతోనే ఏళ్ల తరబడి ఆడుతూ వస్తోంది. ఎక్కువ భాగం ఆట నడిపించేది నేనే కనుక, ఈ సమీక్షలో ఆటగాడి సంతోషాలకంటె నిర్వాహకుడి కష్టసుఖాలే కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. కాలిఫోర్నియాకు చెందిన కేయోసియమ్ సంస్థ 1978లో తొలి ఎడిషన్‌నూ, మరుసటి ఏడాది సవరించిన రెండవ ఎడిషన్‌నూ వెలువరించింది. ఆనాటి ప్రతులు సేకరించేవారి అలమరల్లో ఉన్నా, 2015 చివర్లో అభిమానుల నుంచి ముందుగా నిధులు సేకరించి చేపట్టిన పునర్ముద్రణ పుణ్యమా అని ఆ నియమాలు ఇప్పుడు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. పాత్రల పట్టికలను మాత్రం మేము వీధిచివరి జిరాక్స్ దుకాణంలోనే తీయించుకుంటాము, ఎందుకంటే ఈ ఆట కాగితాలను బాగా తింటుంది.

ప్రధాన రచయితల్లో ఒకరైన స్టీవ్ పెరిన్, 1966లో బర్క్‌లీలో పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజమ్ అనే సంఘపు తొలితరం సభ్యుడు. పేముతో చేసిన కత్తులు పట్టి, నిజమైన కవచాలు తొడుక్కుని, మధ్యయుగపు యుద్ధవిద్యను స్వయంగా చేసి చూసే ఆ సంఘంలో గడించిన అనుభవం ఈ నియమాల నిండా పరుచుకుని ఉంది. కవచం దెబ్బను తప్పించదు, తగిలిన దెబ్బలో కొంత మింగుతుంది. కొట్టేవాడు ఒక రోల్ వేస్తే, అడ్డుకునేవాడు తన డాలుతోనో కత్తితోనో ఇంకొక రోల్ వేస్తాడు. పన్నెండు సెకన్ల పోరాట వరుసను 12 స్ట్రైక్ ర్యాంకులుగా విభజించి, చురుకుదనం, ఒడ్డూపొడుగూ, ఆయుధం పొడవు అనే మూడింటిని బట్టి ఎవరి వేటు ముందు పడుతుందో లెక్కిస్తారు. పొడవాటి బల్లెం పట్టిన రైతుబిడ్డ చురకత్తి పట్టిన నేరస్థుడికంటె ముందు పొడవగలడు. నలభై ఏళ్లు దాటినా ఇంత సూటిగా చేతికీ కంటికీ అందే పోరాట పద్ధతి నాకు ఇతర ఆటల్లో అరుదుగానే తారసపడింది.

యోధుడు, మాంత్రికుడు అని పాత్రలను విడదీసే క్లాసులు లేవు, మెట్టుమెట్టుగా పెరిగే లెవెళ్లు లేవు. ఏ విద్యకైనా ఒక శాతం ఉంటుంది, ఆ శాతం లోపల పాచిక పడితే పని జరిగినట్టు. సాహసయాత్రలో విజయవంతంగా వాడిన విద్య ఎదురుగా ఒక టిక్కు పెట్టుకుని, యాత్ర ముగిశాక ఆ శాతంకంటె ఎక్కువ పడేలా పాచిక వేయగలిగితే విద్య 5 శాతం పెరుగుతుంది. తెలివిని బట్టి వచ్చే చిన్న సవరణను పక్కన పెడితే, 30 శాతం వచ్చినవాడికి నూటికి డెబ్భై వంతులు నేర్చుకునే అవకాశం, 90 శాతం వచ్చినవాడికి పది వంతులే. ఇన్నేళ్లలో ఈ ఆట నుంచి ఇతర ఆటలకు ఎక్కువగా పాకిన నియమం ఇదే అయినా, దానికో చిక్కు ఉంది. టిక్కు కోసం ఒకే పోరాటంలో కత్తి, గొడ్డలి, గద మార్చి మార్చి వాడే ఆటగాళ్లు ప్రతి బృందంలోనూ తయారవుతారు, మా బృందంలోనూ తయారయ్యారు. చివరికి ఒక యాత్రకు ఒక్క ఆయుధానికే టిక్కు అని నేను సొంత నియమం పెట్టవలసి వచ్చింది.

ఇంతవరకు చెప్పింది మంచి పోరాట ఆట గురించి. రూన్‌క్వెస్ట్‌ను ఇన్నాళ్లు వదలకుండా ఆడడానికి కారణం మాత్రం దాని మతం. నియమాల్లో దైవభక్తికి ఇంత స్థానం ఇచ్చిన ఆట 1979 నాటికి లేదనే చెప్పాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దేవుడు పూజారి పాత్రకు మాత్రమే సంబంధించినవాడు, అదికూడా చాలావరకు పట్టికలో పేరు వరకే. రూన్‌క్వెస్ట్‌లో ప్రతి పాత్రకూ ఎంతో కొంత మంత్రం వస్తుంది, దాదాపు ప్రతి పాత్రా ఏదో ఒక కల్ట్‌లో, అంటే ఒక దేవతను కొలిచే మతసంఘంలో, చేరక తప్పదు. ఆయుధ శిక్షణ తక్కువ రుసుముకు దొరికేది అక్కడే, అప్పు పుట్టేది అక్కడే, శత్రువు పట్టుకుపోతే విడుదల సొమ్ముకు ఆశగా చూసేదీ అటువైపే. కల్ట్‌లో పైస్థాయి యోధుడైన రూన్ లార్డ్ కావాలంటే ఐదు విద్యల్లో 90 శాతం సాధించాలి. పూజారి అయిన రూన్ ప్రీస్ట్ కావాలంటే మంత్రబలాన్ని కొలిచే పవర్ అనే లక్షణం 18 ఉండాలి. ఆపదలో దేవుణ్ణి పిలిచే రూన్ లార్డ్ పది ముఖాల పాచిక వేస్తాడు, దేవుడు పలుకుతాడు, ఆ పడిన సంఖ్య మేరకు పవర్ శాశ్వతంగా పోతుంది. మొక్కు చెల్లించడం అనే భావన మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేదు కనుక, ఈ నియమం మా ఆటగాళ్లకు చదివించకుండానే అర్థమైంది.

అయితే ఈ మతం గురించి అసలు నియమాల పుస్తకంలో ఉన్నది కొంచెమే. కొనదలచినవారు ఈ సంగతిని ముందుగా తెలుసుకోవాలి. ఆటకు ప్రాణం పోసింది 1979లోనే వచ్చిన కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్ అనే అనుబంధ పుస్తకం. ఒక్కొక్క దేవత పుట్టుక, చరిత్ర, ఆ కల్ట్‌కు సమాజంలో ఉన్న చోటు, చేరేవారి అర్హతలు, నిషేధాలు, వరాలు అన్నీ ఒకే క్రమంలో అందులో ఉంటాయి. నడుమనడుమ బిటురియన్ వారోష్ అనే వ్యాపారి ప్రయాణకథ సాగుతూ, ఆయా దేవతల భక్తులు ఎదురైతే ఎలా ఉంటారో చూపిస్తుంది. వైద్యదేవత చలానా అరోయ్ భక్తులు ఏ ప్రాణికీ హాని చేయబోమని ప్రమాణం చేస్తారు. మా బృందంలో ఒకామె అలాంటి పాత్రను ఎంచుకుని, పోరాటం ఆగగానే శత్రువుల గాయాలకు కట్లు కట్టడం మొదలుపెట్టేసరికి, మిగిలినవారికి ఓడినవాణ్ణి చంపే అవకాశమే పోయింది. వాళ్లు బందీలకు విడుదల సొమ్ము అడగడం నేర్చుకున్నారు, దానితో రాయబారాలు, మాట తప్పడాలు, పగలు, ఒక పెళ్లి ఒప్పందం కూడా పుట్టుకొచ్చాయి. ఇదంతా నేను రాసిపెట్టుకున్న కథ కాదు, ఒక కల్ట్ నిషేధం చేయించిన పని.

ఈ ఆట కథలు నడిచే గ్లోరాంథా అనే కల్పిత లోకాన్ని గ్రెగ్ స్టాఫర్డ్ 1966లో, ఈ రకం ఆటలు పుట్టకముందే, కళాశాల విద్యార్థిగా ఉండగా రాయడం మొదలుపెట్టారు. 1975లో కేయోసియమ్‌ను స్థాపించింది కూడా ఆ లోకంలో నడిచే వైట్ బేర్ అండ్ రెడ్ మూన్ అనే బోర్డు గేమ్‌ను అచ్చు వేసుకోవడానికే. ఆట కోసం లోకాన్ని అల్లుకున్న ఇతర రచయితలకూ ఆయనకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. గ్లోరాంథాలో భూమి బల్లపరుపుగా ఉంటుంది. ఎర్రచంద్రుడు ఆకాశంలో కదలకుండా ఒకేచోట నిలిచి, వారం రోజుల్లో అన్ని కళలూ పూర్తిచేస్తాడు, ఆ చంద్రుణ్ణి కొలిచే లూనార్ సామ్రాజ్యపు మంత్రబలం ఆ కళలతోపాటే పెరిగి తరుగుతుంది. తుఫాను దేవుడు ఓర్లాంత్ సూర్యచక్రవర్తి యెల్మ్‌ను చంపడంతో లోకం చీకటిలో మునిగింది, ఆ చీకటిలో సృష్టిని చెరిచే కేయాస్ అనే శక్తి చొరబడింది, చివరికి ఓర్లాంత్ కొందరు సహచరులతో పాతాళానికి వెళ్లి సూర్యుణ్ణి తిరిగి తెచ్చాడు. ఆ సంధిలో దేవతలు ఒక మహా ఒడంబడికకు కట్టుబడ్డారు, ఆనాటి నుంచి కాలం మొదలైంది, ఇక దేవతలు భక్తుల చేతుల మీదుగా తప్ప లోకంలో తలదూర్చలేరు. పాత్రలు ఎందుకు ముఖ్యులో చెప్పడానికి ఇంతకంటె గట్టి పౌరాణిక కారణం ఇంకే ఆటలోనూ నాకు కనిపించలేదు.

ఈ కథ కూడా ఒకే తీరుగా ఉండదు. ఓర్లాంత్ భక్తులకు అది తమ దేవుడు తప్పు దిద్దుకున్న గాథ, సూర్యారాధకులకు అది రాజహంతకుడైన తిరుగుబాటుదారుడి చరిత్ర. పక్కపక్క ఊళ్లలోని రెండు గుళ్ల స్థలపురాణాలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా రెండింటికీ దండం పెట్టి వచ్చే మనకు ఇందులో కొత్త ఏమీ లేదు. ఏది నిజమని నిర్వాహకుణ్ణి నిలదీసే ఆటగాడు మా బృందంలో ఇంతవరకు రాలేదు.

గ్లోరాంథాలోని ప్రాంతాల్లో డ్రాగన్ పాస్‌కంటె నాకు ప్రాక్స్ ఎడారే ఎక్కువ నచ్చింది. అక్కడి సంచారజాతులు బైసన్, ఇంపాలా, సేబుల్, హై లామా వంటి జంతువుల మీద స్వారీ చేస్తాయి. తిండి చాలని ఆ నేలపై ఎవరు ఎవరిని తినాలో తేల్చడానికి వాహా అనే దేవుడు పోటీ పెట్టాడు, గెలిచినవారు కాపరులయ్యారు, ఓడినవారు తెలివి పోగొట్టుకుని మందలయ్యారు. ఒక్కచోట మాత్రం మనుషులు ఓడిపోయారు. టేపిర్ జంతువును పోలిన మోరోకాంత్‌లు నేటికీ తెలివిలేని మనుషుల మందలను మేపుతారు. మా ఆటలో ఒకరు మోరోకాంత్ పాత్ర తీసుకుని, ఆ మందను ఎంతో ప్రేమగా చూసుకునేవారు. మిగతావారికి ఆ ప్రేమే మరీ ఇబ్బందిగా ఉండేది. చెడ్డతనం ముద్ర వేసి కొట్టిపారేయడానికి వీల్లేని ఇలాంటి చిక్కులు ప్రాక్స్‌లో అడుగడుగునా ఉన్నాయి. ట్రోల్‌లనే రాక్షసజాతికి కూడా సొంత దేవతలు, సొంత దుఃఖం ఉన్నాయి. బాతుమనుషులు కూడా ఉన్నారు, చూసి నవ్వేవారు నవ్వవచ్చు గానీ మృత్యుదేవుడు హుమాక్ట్‌ను కొలిచే బాతు కత్తి దూస్తే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఇక లోపాలు. ఆరుగురు ట్రోల్‌లు దాడి చేస్తే నిర్వాహకుడు ఒక్కొక్కరికి ఏడు అవయవాల చొప్పున నలభై రెండు గళ్లు చూసుకోవాలి, వాటిపక్కన స్ట్రైక్ ర్యాంకులు, మిగిలిన పవర్, పనిచేస్తున్న మంత్రాలు. ఇంతకంటె పెద్ద మూకతో జరిగే పోరాటం ఒక సాయంత్రమంతా తినేస్తుంది. కొత్త పాత్రల శాతాలు తక్కువ కనుక ఇద్దరు అనుభవంలేనివారు గాలిలో కత్తులు తిప్పుకుంటూ ఉండిపోతారు. విద్య 90 దాటాక ప్రతి వేటుకూ అడ్డు పడుతుంది కనుక ఎవరికో ఒకరికి క్రిటికల్, అంటే అరుదైన గొప్ప రోల్, పడేదాకా కథ కదలదు. వీటి నడుమ, 50 నుంచి 75 శాతం దాకా ఉన్న కాలంలోనే ఈ ఆట పోరాటం అన్నిటికంటె రుచిగా ఉంటుంది. పవర్ వ్యవస్థలోనూ లొసుగు ఉంది. ఎదుటివాడి పవర్‌ను మంత్రంతో జయిస్తేనే సొంత పవర్ పెరిగే అవకాశం వస్తుంది కనుక, అవసరం ఉన్నా లేకపోయినా బలహీనుల మీద డిస్‌రప్షన్ అనే గాయపరిచే మంత్రం విసిరే అలవాటు ఆటగాళ్లకు పట్టుకుంటుంది. లోకం గురించి పోగుపడిన సాహిత్యం మరో సమస్య. అదంతా చదివాకే ఆడాలనుకుంటే ఎన్నటికీ ఆడలేము. కొత్తవారికి నేను ఒక ఊరు, ఒక దేవత, ఒక శత్రువు వరకే చెప్పి ఆపేస్తాను.

తరువాతి ఎడిషన్ల విషయానికి వస్తే, 1984లో ఆవలాన్ హిల్ అనే ప్రచురణ సంస్థ ద్వారా వచ్చిన మూడవది నియమాలను గ్లోరాంథా నుంచి వేరుచేసి మామూలు భూమి చరిత్రకు దగ్గర చేయబోయింది. ఆ పుస్తకం నాకు ప్రాణం తీసిన దేహంలా అనిపించింది. 2018లో వచ్చినది తిరిగి రెండవ ఎడిషన్ పునాది మీదే నిలిచి, స్టాఫర్డ్ 1985లో తెచ్చిన పెండ్రాగన్ ఆట పద్ధతిలో రాగద్వేషాలకు కూడా శాతాలు చేర్చింది. చూడటానికి అందంగా, చదవడానికి నిండుగా ఉన్న ఆ పుస్తకాన్ని నేను సమాచారం కోసం తరచూ తెరుస్తాను. కానీ అందులో పాత్రలు మొదటినుంచే వీరులు. ఏమీ చేతకాని స్థితి నుంచి అప్పులు చేసి నేర్చుకుంటూ పైకి రావడం ఇష్టమైనవారికి పాతదే సరిపోతుంది.

ఈ ఆటకు వచ్చిన సాహసాల పుస్తకాల్లో మొదట ఆడవలసినది 1978లో వచ్చిన ఆపిల్ లేన్. అందులోని తాకట్టు దుకాణం సాహసంలో పాత్రలు ఎవరి గుహలోకీ దోపిడీకి వెళ్లరు. ఒక రాత్రంతా బబూన్‌ల దాడి నుంచి దుకాణాన్ని కాపలా కాయాలి. తలుపులకు ఏమి అడ్డం పెట్టాలి, కప్పు మీద ఎవరుండాలి అనే చర్చలోనే కొత్త ఆటగాళ్లు సగం నియమాలు నేర్చేసుకుంటారు. ఆ తరువాత 1981 నాటి గ్రిఫిన్ మౌంటెన్‌కు వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు, అది నిజంగానే గొప్పది, కానీ దాని విశాలత నిర్వాహకుణ్ణి అలసిపోయేలా చేస్తుంది. నా ఓటు 1982లో వచ్చిన బోర్డర్‌ల్యాండ్స్‌కు. స్వదేశం వదలవలసి వచ్చిన ఒక లూనార్ ప్రభువు దగ్గర పాత్రలు జీతానికి సైనికులుగా చేరతారు, ఒక్కొక్క పనీ దానికదే ఒక రెండు మూడు సాయంత్రాల్లో పూర్తవుతుంది. లూనార్‌లను ద్వేషించే ఓర్లాంత్ భక్తుడు బృందంలో ఒక్కడుంటే చాలు, జీతం తీసుకునే రోజు వచ్చినప్పుడల్లా వాదన మొదలవుతుంది.