ఎస్ఎస్‌డీ వేస్తే గేమ్ స్పీడు డబుల్ అంటారు, నమ్మి డబ్బులు తీయకండి

పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్, గుణుపురం వైపు ఎవరైనా గేమ్‌ల కోసం పాత కంప్యూటర్‌కి ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే స్పీడు డిస్క్) వేయించాలనుకుంటుంటే ముందు ఇది చదవండి. నాకు 3,700 రూపాయలు వదిలాయి. అంతకన్నా మండింది ఏంటంటే, మోసపోయానని నాకు తెలియడానికే మూడు వారాలు పట్టింది.

ఒడిశా బోర్డర్లోని పర్లాకిమిడిలో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పగలంతా అప్లికేషన్లు నింపడం, రాత్రి షట్టర్ సగం దించాక నేనూ మా మేనల్లుడూ జీటీఏ 5 ఆడుకోవడం. సిస్టమ్ పాతదే. నాలుగో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు. ఊళ్లో కారు తోలుతుంటే 28, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) మించదు. పైగా స్టోరీ మోడ్ లోడ్ అవడానికి రెండు నిమిషాల పైనే. వాడు ఈలోగా వెళ్లి పునుగులు కట్టించుకుని వచ్చేసేవాడు.

ఆంధ్ర వైపు ఒక టౌన్లో కంప్యూటర్ షాపు ఉంటే పనిమీద వెళ్లినప్పుడు అడిగాను. షాపతను స్క్రీన్ వైపు చూస్తూనే, "ఎస్ఎస్‌డీ పడేయండి సార్, 60 ఎఫ్‌పీఎస్ గ్యారంటీ" అన్నాడు. మన తెలుగువాడే కదా, మనల్ని ముంచుతాడా అనుకున్నాను. 480 జీబీది 3,400, ఫిట్టింగ్‌కి 300. బిల్లు అడిగితే "ఎస్టిమేట్" అని రాసున్న తెల్లకాగితం చేతిలో పెట్టాడు. డబ్బు ఫోన్‌పేలో కొట్టాను. అదొక్కటే నేను చేసిన తెలివైన పని, అదీ తెలిసి చేసింది కాదు.

ఇంటికొచ్చి చూస్తే లోడింగ్ రెండు నిమిషాలనుంచి 50 సెకన్లకు దిగింది. వాడు ఎగిరి గంతేశాడు. ఎఫ్‌పీఎస్ చూస్తే 29, 31. సెట్టింగ్స్ అన్నీ తిప్పి చూశాం. అంతే.

ఎందుకో తర్వాత చదివితే అర్థమైంది. సంతనుంచి కూరలు సైకిల్ మీద వచ్చినా బొలేరోలో వచ్చినా ఇంట్లో పొయ్యి ఒక్కటే అయితే అన్నం ఉడికే టైము మారదు. ఇక్కడ పొయ్యి గ్రాఫిక్స్ కార్డు, దాని పక్కన ప్రాసెసర్. డిస్క్ పని సరుకు తెచ్చి ర్యామ్‌లో దించడమే. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, సూది జరగాలి, ఒక్కో ముక్క వెతకడానికే దాదాపు 10 మిల్లీసెకన్లు పోతాయి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అందుకే మిల్లీసెకన్లో చిన్న వంతులో దొరికేస్తుంది. హార్డ్ డిస్క్ సెకనుకి 150 ఎంబీ దగ్గర ఆగితే, సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలించేది) 550 దాకా లాగుతుంది.

కాబట్టి ఎస్ఎస్‌డీ దండగ అని నేను అనను. జీటీఏలో కారు స్పీడుగా పోతుంటే ముందున్న బిల్డింగులు మైనపు ముద్దల్లా కనిపించి తర్వాత తేరుకునేవి, అది తగ్గింది. ర్యామ్ నిండిపోయి విండోస్ మిగతా సరుకుని డిస్క్ మీదికి తోసినప్పుడు వచ్చే కుదుపూ తగ్గింది. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్‌కి ఎస్ఎస్‌డీ తప్పనిసరి అని కంపెనీయే రాసింది. సైబర్‌పంక్ 2077 కూడా అదే ఏడాది కనీస అర్హతల్లోంచి హార్డ్ డిస్క్‌ని తీసేసింది. అలాంటివి ఆడాలంటే కొనాల్సిందే. కానీ ఎఫ్‌పీఎస్ కోసం అయితే నేను ఆ 3,700కి రెండో ర్యామ్ స్టిక్ వేసుకుని, మిగిలింది పాత గ్రాఫిక్స్ కార్డు కోసం దాచుకోవాల్సింది.

ఆ మాటకొస్తే లోడింగ్ కూడా ప్రతిసారీ డిస్క్ తప్పు కాదు. జీటీఏ ఆన్‌లైన్ ఏళ్ల తరబడి నిమిషాలకు నిమిషాలు లోడ్ అయ్యేది. 2021లో ఒక ప్రోగ్రామర్ తవ్వి చూస్తే, గేమ్ కోడ్ ఒక పెద్ద ఫైల్‌ని పరమ చాదస్తంగా చదువుతూ ప్రాసెసర్‌ని అరగదీస్తోందని తేలింది. అతను సరిచేస్తే తన సిస్టమ్‌లో టైము 70 శాతం దాకా తగ్గింది. కంపెనీ ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10,000 డాలర్లు కూడా ఇచ్చింది. అప్పటిదాకా ఎంత ఖరీదైన ఎస్ఎస్‌డీ వేసినా ఆ భాగం తగ్గేది కాదు.

ఇక అసలు మోసం. మూడో వారం మా బావ వచ్చి, "ఏదీ, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెట్టి చూశావా?" అన్నాడు. డిస్క్ ఎంత వాడారో చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అది. తెరిచాం. పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ ఇప్పటిదాకా నడిచింది, 11,400 గంటలు! రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా ఏడాది మూడు నెలలు దాటుతుంది. హెల్త్ 84 శాతం. కొత్తదని అమ్మింది ఎక్కడో ఆఫీసు కంప్యూటర్లోంచి పీకిన సరుకు. కంపెనీ సైట్లో సీరియల్ నంబరు కొడితే వారంటీ ఎప్పుడో అయిపోయింది.

కేబుల్ కూడా సరిగ్గా పెట్టలేదు. హెచ్81 బోర్డులో డిస్క్ కేబుల్ తగిలించే సాటా పోర్టులు నాలుగుంటే, రెండే సెకనుకి 6 గిగాబిట్ల స్పీడువి. షాపతను 3 గిగాబిట్ల దానికి తగిలించాడు. బావ మార్చాక స్పీడ్ టెస్ట్‌లో 260 కాస్తా 510 అయింది. నిజం చెప్పాలంటే గేమ్ లోడింగ్‌లో రెండు మూడు సెకన్లే కలిసొచ్చాయి. కానీ ఫిట్టింగ్‌కని 300 తీసుకున్నాడు కదా!

ఫోన్ చేస్తే మొదట "వర్కింగ్‌లోనే ఉంది కదా సార్" అన్నాడు. గట్టిగా అడిగితే, "మీది ఒడిశా కదా, వారంటీ అక్కడే చూసుకోండి" అని పెట్టేశాడు. బోర్డర్లో ఉన్నవాళ్లు ఈ మాటకి బెదరొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఎక్కడ ఉంటున్నామో ఆ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, షాపు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. నేను ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఆ ఎస్టిమేట్ కాగితం, గంటలు చూపించే ఫోటో జతచేశాను. పక్కా బిల్లు ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదు.

నాలుగు రోజుల క్రితం షాపు నుంచే ఫోన్ వచ్చింది, డిస్క్ తెచ్చి ఇస్తే 2,500 వెనక్కి ఇస్తానని. మొత్తం ఇస్తేనే వస్తానన్నాను. ఇంకా తేలలేదు.

ఈ మధ్య మీరెవరైనా సీలు లేని డబ్బాలో ఎస్ఎస్‌డీ కొని ఉంటే ఈ రాత్రికే ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి గంటలు చూడండి. కొత్త డిస్క్‌కి ఒక అంకో రెండంకెలో ఉండాలి. వేలల్లో ఉంటే ముందు ఫోటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే షాపుకి ఫోన్ చేయండి.