అంత్యక్రియల మ్యూజియాలు: హ్యూస్టన్ వెళ్లాలా, వియన్నా వెళ్లాలా?

వేర్వేరు జాతులు తమవాళ్లను ఎలా సాగనంపుతాయో ఒకే కప్పు కింద చూడాలంటే హ్యూస్టన్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ ఫ్యునరల్ హిస్టరీకే వెళ్లాలి. ఒక్క ఊరి ఆచారాన్ని లోతుగా చూడాలంటే మాత్రం వియన్నాదే పైచేయి.

1992లో తెరిచిన హ్యూస్టన్ మ్యూజియం ఊరికి ఉత్తరాన, బుష్ విమానాశ్రయం వైపు ఉంది. డౌన్‌టౌన్‌లో బస చేస్తే పొద్దున ట్రాఫిక్‌లోనే ఓపిక అయిపోతుంది. విమానాశ్రయం దగ్గర గది తీసుకుని క్యాబ్‌లో వెళ్లడం నయం. లోపల రెండు మూడు గంటలైనా పడుతుంది.

చాలామంది శవవాహనాల దగ్గరే సమయమంతా గడిపేస్తారు. అవి చూడదగ్గవే. శవపేటికను, మోసేవాళ్లను, బంధువులను కలిపి ఎక్కించుకునే 1916 నాటి ప్యాకార్డ్ బస్సు అక్కడుంది. అమెరికా మాజీ అధ్యక్షులు రీగన్, ఫోర్డ్‌ల అంత్యక్రియల్లో వాడిన వాహనమూ ఉంది. కానీ ముందు ఘనా శవపేటికల దగ్గరికి వెళ్లండి. ఘనా రాజధాని అక్రా పరిసరాల్లోని ‘గా’ అనే తెగ వడ్రంగులు చెక్కతో చేసి రంగులద్దినవి: చేప, పీత, కోడి, బెంజ్ కారు. పోయినవాళ్లు చేసిన పనో, వాళ్ల హోదానో ఆ ఆకారంలో కనిపించాలి. జాలరికి చేప అందుకే. దూరం నుంచి బొమ్మల్లా ఉంటాయి. దగ్గరికెళ్లి మూత ఎక్కడ తెరుచుకుంటుందో, లోపల మనిషి పట్టేంత చోటు ఎలా వదిలారో గమనించండి. పనితనం తెలిసేది అక్కడే.

పోప్‌ల విభాగంలో ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు పేటికల పాత పద్ధతి గురించి తెలుస్తుంది. 2024లో పోప్ ఫ్రాన్సిస్ దాన్ని మార్చి, జింకు పొర ఉన్న ఒకే కొయ్య పేటిక చాలన్నారు; 2025లో ఆయన్ను అలాగే ఖననం చేశారు. ఇది తెలిసి వెళ్తే ఆ విభాగం ఇంకా బాగా అర్థమవుతుంది.

వియన్నా మ్యూజియం సెంట్రల్ సిమెటరీలో రెండో గేటు దగ్గర, నేలమాళిగలో ఉంది. చిన్నది, గంటన్నర చాలు. అడుగున తలుపు తెరుచుకుని శవాన్ని గోతిలోకి జార్చే పేటిక ఇక్కడ ప్రధానం. కొయ్య ఆదా చేయడానికి, ఒకే పేటికను పదేపదే వాడాలని 1784లో ఆస్ట్రియాను ఏలిన రెండో జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాడు. జనం మండిపడటంతో కొన్ని నెలలకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బతికుండగానే పాతిపెడతారేమోనన్న భయంతో శవం చేతికి తాడు కట్టి మోగేలా పెట్టిన గంట కూడా ఉంది. మనుషుల భయాన్ని ఇంత సూటిగా చూపే వస్తువు హ్యూస్టన్‌లో లేదనే చెప్పాలి.

బస యూ3 మెట్రో దారిలో చూసుకుంటే సిమ్మరింగ్‌లో దిగి 71వ నంబరు ట్రామ్ ఎక్కొచ్చు. సిమెటరీకి చాలా గేట్లున్నాయి, ట్రామ్ ఒక్కోదాని దగ్గర ఆగుతుంది. తొందరపడి ముందే దిగితే గోడ వెంబడి చాలా దూరం నడవాలి. ఆదివారం మ్యూజియానికి సెలవు. బయటికొచ్చాక అదే గేటు నుంచి 32ఏ విభాగానికి నడిస్తే సంగీతకారులు బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు చూడొచ్చు. వాటికి టికెట్ లేదు.