గట్టి లాప్‌టాప్, గోరంత మూత

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలో సర్వే పనికి నాలుగేళ్లుగా వాడుతున్న ఈ దృఢమైన లాప్‌టాప్ మీద నాకున్న కోపమంతా ఛార్జింగ్ పోర్టును కప్పే గోరంత రబ్బరు మూత మీదే. కింద పడినా పగలకపోవడం, ఎండలో తెర కనబడడం వంటివి అందరూ రాసినవే కనుక వదిలేస్తున్నాను.

దీనిలోకి దుమ్ము చొరబడదని మొదటి ఏడాది తోటివారికి ధీమాగా చెప్పాను. దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో తెలిపే ఐపీ రేటింగ్ దీనికి 65. అందులోని 6కు అర్థం అదే. అయితే మూతలన్నీ బిగించి ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. పైగా ఆ రేటింగ్ కోసం చేసే పరీక్షలో గదిలో ఘనమీటరుకు 2 కిలోల చొప్పున టాల్కం పొడిని రేపి గరిష్ఠంగా 8 గంటలు ఉంచుతారు. టాల్కు ఖనిజాలన్నిటిలోకీ మెత్తనిది, మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 1. మా రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది 6. రోజుకు నాలుగుసార్లు తెరిచి మూసే రబ్బరును ఆ రాతిపొడి ఎంతగా అరగదీస్తుందో ఐపీ అంకె చెప్పదు.

మూడో వేసవిలో మూతను పట్టి ఉంచే సన్నని పట్టీ తెగి, మూత జీపులోనే ఎక్కడో పడిపోయింది. టేపు అంటించి వారం నెట్టుకొచ్చాను. రాతిని కోసే తీగ రంపం (వైర్ సా) దగ్గర తడిసిన చేతులతోనే టేపు తీసి పెడుతూ ఉండడంతో, పొడి బురదై పిన్నుల మధ్య గట్టిపడి, బెంచీల (క్వారీలో మెట్లలా తవ్విన అంచెల) కొలతలు సగంలో ఉండగా ఛార్జింగ్ ఆగిపోయింది. మూతను విడిగా అమ్మరట. పోర్టుతో సహా పక్క చట్రమంతా మార్చాలన్నారు, దానికి అయిదు వారాలు పట్టింది. విప్పినప్పుడు లోపలి బోర్డు మాత్రం శుభ్రంగా ఉందని ఒప్పుకోవాలి. దుమ్ము పోర్టు గోడ దాటలేదు.

తిరిగి వచ్చాక నేనే ఒక పరీక్ష పెట్టాను. మూత లోపలి వైపున సెల్లోటేపు ముక్కను జిగురు పైకి ఉండేలా అమర్చాను. రోజంతా మూసి ఉంచితే టేపు తెల్లగానే ఉంది. క్వారీలో రెండుసార్లు తెరిచిన రోజున బూడిదరంగుకు మారింది. అప్పటినుంచి ఛార్జింగ్ రాత్రి గదిలోనే, అదీ కుంచెతో మూత చుట్టూ దులిపాకే.

ఇది కంపెనీ కొనిచ్చినది. సొంత డబ్బయితే ఇంత ధర పెట్టేవాడినని చెప్పలేను. జీపులో లాప్‌టాప్‌ను అమర్చే డాకింగ్ స్టాండు ఉండి, అడుగునున్న పిన్నుల ద్వారానే ఛార్జింగ్ పెట్టుకోగలిగిన వారికి ఈ మూతతో పనే పడదు. మా జీపులో అది లేదు.